నోటీసు మీద పేరు

ఇంటిపన్ను నోటీసు రాగానే మావారు, "కుళాయి నీళ్ళు రావుగానీ ఇది మాత్రం ఠంచనుగా వస్తుంది" అని విసుక్కుంటారు. నాకేమో పాత చెన్నపట్నం గుర్తొస్తుంది.

1686లో అక్కడి ఈస్టిండియా కంపెనీ దొరలు ఇళ్ళమీద పన్ను వేయబోతే జనం తిరగబడ్డారు, అంగళ్ళు కట్టేశారు. లండన్‌లోని కంపెనీ పెద్దలు గడుసువాళ్ళు. అధికారంతో వేస్తే ఆరు పెన్నీలివ్వడానికి ఏడ్చే మనిషి, తనవాళ్ళే కూర్చుని వేస్తే అయిదు షిల్లింగులు, అంటే పదింతలు, నవ్వుతూ ఇస్తాడని లెక్కకట్టారు! అలా 1688 సెప్టెంబరు 29న ఒక మేయరుతో, 12 మంది ఆల్డర్మన్లతో మన దేశంలో మొదటి నగరపాలక సంస్థ వెలిసింది. వారిలో హిందూ వర్తకులూ ఉన్నారు. ఉంటేనేం, జనం ఎన్నుకున్నవాళ్ళు కారుగా? పన్ను మాత్రం అనుకున్నట్టు రాలలేదు.

ఇక ఆడవాళ్ళ ఊసే లేదనుకోండి. కనీసం మూడోవంతు సీట్లు మనకివ్వాలన్న 74వ రాజ్యాంగ సవరణ 1993లోగానీ అమలుకు రాలేదు. మూడు లక్షలు, ఆపైన జనాభా ఉన్న ఊళ్ళకు వార్డు కమిటీలూ దాని చలవే.

ఆ ధైర్యంతోనే మొన్న మా వార్డు మీటింగుకెళ్ళి నీళ్ళ సంగతి అడిగాను. "మీవారిని పంపించండమ్మా, మాట్లాడదాం" అన్నాడు కుర్చీలోని పెద్దమనిషి.

సంచీలోంచి నోటీసు తీసి ముందు పెట్టాను. ఇల్లు నా పేరనే ఉంది.