ఒకసారే రాసే డిస్కు: యూనిక్స్ సర్వర్లలో ప్రతుల భద్రత

తంజావూరు సరస్వతీ మహల్ గ్రంథాలయంలో నాయక, మరాఠా రాజుల కాలాల తెలుగు కృతులు తాళపత్రాల రూపంలో నేటికీ ఉన్నాయి. పాత ఆకు శిథిలమయ్యేలోగా కొత్త ఆకు మీదికి ఎత్తి రాసిన లేఖకులు ఉండబట్టే మన ప్రాచీన వాఙ్మయం చాలావరకు దక్కింది. 19వ శతాబ్దంలో సి.పి. బ్రౌన్ కడపలో పండితులను, లేఖకులను నియమించి, ఒకే కావ్యానికి పలు ప్రతులు తెప్పించి సరిచూపించాడు. ప్రతి తీయడం, తీసినదాన్ని మూలంతో సరిచూడడం అనే ఈ రెండు పనులూ కంప్యూటరు వచ్చాక కూడా తప్పలేదు. యూనిక్స్ సర్వర్లకు ఆప్టికల్ డిస్కు అమరిన చరిత్రే ఇందుకు నిదర్శనం.

1969లో బెల్ ప్రయోగశాలలలో పుట్టిన యూనిక్స్‌లో ప్రతులకు ఆధారం అయస్కాంత టేపు. 1979 నాటి ఏడవ కూర్పుతో వచ్చిన 'టార్' ఆదేశం పేరు 'టేప్ ఆర్కైవ్' అన్న మాటలకు పొట్టి రూపం. టేపు చవకే కాని, చివరనున్న ఒక్క ఫైలు కోసం మొదటినుంచీ తిప్పాలి. పైగా పాతదాని మీద పొరపాటున కొత్తది రాసేస్తే పాతది పోయినట్లే. లేజరుతో ఒకసారి రాస్తే మళ్లీ చెరపడానికి వీలులేని డిస్కులు ఈ భయాన్ని తీర్చాయి. బెల్ ప్రయోగశాలలలోనే రూపొందిన ప్లాన్ 9 వ్యవస్థలో కేంద్ర ఫైల్ సర్వరు రోజుకొకసారి తన స్థితినంతా ఇటువంటి డిస్కుల మీద నిలిపేది. ఫలానా తేదీన ఒక ఫైలు ఎలా ఉండేదో ఎవరైనా తెరిచి చూసుకోగలిగేవారు.

సామాన్య సంస్థలకు అందుబాటులోకి వచ్చింది మాత్రం సుమారు 650 మెగాబైట్లు పట్టే రాయదగిన సీడీ. దాని మీద ఫైళ్ల అమరికకు 1988లో ఐ.ఎస్.ఓ. 9660 ప్రమాణం ఏర్పడింది. అన్ని యంత్రాలూ చదవగలగాలన్న ఉద్దేశంతో, అందులోని మొదటి స్థాయి ఫైలు పేరును ఎనిమిది అక్షరాలకు, పొడిగింపును మూడింటికి కుదించి, అన్నీ పెద్దబడి రోమన్ అక్షరాలే కావాలంది. ఇది తెలుగువారికి ప్రత్యేకించి చిక్కు. 1990లలో తెలుగు పాఠాలను ఆర్.టి.ఎస్. లిప్యంతరీకరణలో టైపు చేసేవారు. అందులో చిన్న 'ఎల్' లకారం, పెద్ద 'ఎల్' ళకారం. అలా పేరుపెట్టిన 'కల', 'కళ' అనే రెండు ఫైళ్లు యూనిక్స్‌లో వేరువేరు, సీడీ మీద ఒకటే పేరు! పొడవైన పేర్లను, చిన్న పెద్ద అక్షరాల భేదాన్ని, యజమాని వివరాలను నిలిపే రాక్ రిడ్జ్ పొడిగింపు ఈ లోటు తీర్చింది. అది లేనిచోట ఫైళ్లన్నిటినీ టార్‌తో ఒక్క కట్టగా కట్టి రాసేవారు. కట్ట లోపలి పేర్లు చెక్కుచెదరవు.

డ్రైవు అమర్చడమూ ఓపికతో కూడిన పనే. స్కజీ తీగ మీద ప్రతి పరికరానికీ వేరు సంఖ్య ఉండాలి, తీగ రెండు చివరలా టెర్మినేటర్ ఉండాలి. ఒక్క సంఖ్య రెండింటికి పడితే సర్వరు పరికరాలను గుర్తించడంలోనే తికమకపడేది. ముందు 'ఎంకేఐసోఎఫ్ఎస్' ప్రోగ్రాముతో డిస్కు నమూనాను హార్డ్ డిస్కు మీద తయారుచేసి, తరువాత 'సీడీరికార్డ్'తో సీడీ మీదికి ఎక్కించేవారు. మామూలు వేగంలో నిండు డిస్కుకు 74 నిమిషాలు. ఆ మధ్యలో సమాచార ప్రవాహం ఒక్క క్షణం తెగినా ఆనాటి డ్రైవులలో డిస్కు పాడైపోయేది. అందుకే ఆ గంటసేపు సర్వరు మీద వేరే పని పెట్టుకునేవారు కాదు. రాసిన డిస్కును 'మౌంట్' చేసి, మూలంతో పోల్చి చూసినప్పుడే పని ముగిసినట్లు లెక్క. ఈ చివరి మెట్టును వదిలేసినవారికి పొరపాటు తెలిసేది అసలు ఫైలు పోయిన రోజునే.

రాత చెరగకపోయినా డిస్కు చిరకాలం నిలవదు. వెలుతురుకు, వేడికి సీడీలోని రంగుపొర క్షీణిస్తుంది. నేటి సర్వర్లలో చాలావాటికి ఆ డ్రైవే ఉండదు. కనుక ఆనాడు సీడీలకెక్కించిన పదకోశాలు, జానపద గేయాలు, ప్రవాసాంధ్ర కుటుంబాల కైఫీయతులు ఎవరి బీరువాలోనైనా ఉంటే, డ్రైవు దొరుకుతున్నప్పుడే వాటిని కొత్త చోటికి ఎత్తి రాసి, మూలంతో సరిచూడాలి. తాళపత్ర లేఖకుడు మనకు అప్పగించిన పని ఇదే.