విశాఖపట్నంలో తొలి లండన్ మిషనరీలు: దినచర్యలో తెలుగు చదువు

క్రైస్తవ మిషనరీల చరిత్రలు తరచుగా రెండు సంఘటనలకు ప్రాధాన్యమిస్తాయి: ఓడ దిగిన రోజు, తొలి బాప్తిస్మం జరిగిన రోజు. ఈ రెంటికీ నడుమ గడిచిన సంవత్సరాలలో ఆ యువకులు పొద్దుటినుంచి రాత్రి వరకు ఏం చేసేవారన్నదానికి వాటిలో చోటు స్వల్పం. 1805లో విశాఖపట్నం చేరిన జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్‌ల విషయంలో మాత్రం ఈ ప్రశ్న తెలుగు సాహిత్య చరిత్రకు కూడా చెందినది. బోధించడానికి వచ్చినవారు ఇక్కడ ముందుగా విద్యార్థులు కావలసివచ్చింది.

లండన్ మిషనరీ సొసైటీ పంపిన ఈ ఇద్దరూ 1804లో బయలుదేరింది ఇంగ్లీషు ఓడలో కాదు, డేనిష్ ఓడలో. మత ప్రచారం వల్ల తన పాలిత ప్రాంతాలలో అలజడి రేగుతుందని ఈస్టిండియా కంపెనీ శంకించేది. ఆ ఏడాది డిసెంబరులో వారు డేనుల అధీనంలోని తరంగంబాడిలో దిగి, తరువాత విశాఖపట్నం చేరుకున్నారు. మరుసటి ఏట వెల్లూరు సిపాయిల తిరుగుబాటుతో కంపెనీ అనుమానం మరింత బలపడింది. మిషనరీలకు చట్టబద్ధంగా దారి తెరచిన చార్టరు చట్టం 1813 నాటిది. దానిని చూడటానికి ఇద్దరిలో ఎవరూ మిగలలేదు.

విశాఖపట్నంలో కోటలోని ఐరోపావారికి ఇంగ్లీషులో ఆరాధన జరపడం, పిల్లలకు బడి నడపడం, సొసైటీకి నివేదికలు రాయడం వారి బాధ్యతలు. ఇవన్నీ స్వభాషలో సాగే పనులు. అసలు కష్టం తెలుగుతో.

ఆ కష్టాన్ని నేటి పాఠకుడు తేలికగా ఊహించలేడు. వారి చేతికందే అచ్చు వ్యాకరణం అప్పటికి లేదు. బెంజమిన్ షుల్జ్ 1728లో రచించిన తెలుగు వ్యాకరణం రాతప్రతిగానే ఉండిపోయి, 1984లో గాని వెలుగు చూడలేదు. విలియం కేరీ వ్యాకరణం 1814లోను, ఏ.డి. క్యాంబెల్‌ది 1816లోను వచ్చాయి, సి.పి. బ్రౌన్ నిఘంటువు 1852 నాటిది. కనుక 1805లో తెలుగు నేర్వదలచిన విదేశీయుడికి పుస్తకమంటే ఎదుట కూర్చున్న మనిషే. పండితుడు పలకాలి, శిష్యుడు వినాలి, రాసుకోవాలి, తప్పు దిద్దించుకోవాలి. పైగా ఆనాటి పండితునికి తెలుగు చదువంటే పద్యం, ఛందస్సు, అమరం. ఆ చదువుతో బజారులో బేరమాడలేరు. బజారు తెలుగుతో గ్రంథం రాస్తే పండితుడు ఒప్పడు. గ్రాంథిక, వ్యావహారిక వివాదం పేరు పెట్టుకొని రావడానికి శతాబ్దం ముందే ఈ యువకులు దాని నడుమ చిక్కుకున్నారనుకోవడం అసంగతం కాదు.

ఈ చిక్కు నుంచి వారిని దాటించినవాడు ఆనందరాయరు. మహారాష్ట్ర బ్రాహ్మణుడైన ఈయన తరంగంబాడి మిషన్ ద్వారా క్రైస్తవుడై, విశాఖపట్నం వచ్చి వారితో చేరాడు. ఆయనకు తమిళం కూడా వచ్చు. తమిళంలో కొత్త నిబంధన జీగెన్‌బాల్గ్ కాలం నుంచీ అచ్చులో ఉన్నందున, తెలుగు అనువాదానికి పొరుగు భాషలోనే ఒక ఆధారం దొరికింది. ఆనందరాయరు ఈ పనిలో ఉన్న సంగతిని క్లాడియస్ బుకానన్ తన గ్రంథంలో ప్రస్తావించాడు. మిషన్ సాహిత్యంలో స్థానిక అనువాదకుని పేరు నిలవడం అరుదు. ఇక్కడ నిలవడానికి ఆయన పాండిత్యం కంటే, బ్రాహ్మణుడు మతం మారాడన్న విశేషమే ఎక్కువ కారణమై ఉండాలి. అంతకుముందు ఆ ఇద్దరికీ అక్షరాలు దిద్దించినవారికి అటువంటి విశేషమేమీ లేదు. వారి పేర్లు ప్రచారంలోకి రాలేదు.

అనువాదంలో ప్రతి మాటా ఒక పరీక్షే. ‘పాపం’ అనగానే తెలుగువాడికి పూర్వజన్మ, కర్మఫలం స్ఫురిస్తాయి. ‘ఆత్మ’కు వేదాంతార్థం అంటిపెట్టుకొనే ఉంటుంది. కొత్త మాట కల్పిస్తే ఎవరికీ తెలియదు. పాతమాట వాడితే పాత అర్థమే వినబడుతుంది. ఇందులో విదేశీయుడు సందేహం వెలిబుచ్చగలడే గాని, తెలుగు చెవికి ఏది ఎలా తోస్తుందో చెప్పగలిగినవాడు ఆనందరాయరే. అందువల్ల ఆ అనువాదాన్ని ‘డెస్ గ్రాంజెస్ అనువాదం’ అని ఏకకర్తృకంగా పేర్కొనే అలవాటు పునఃపరిశీలించదగినది.

క్రాన్ 1809లో, డెస్ గ్రాంజెస్ 1810లో మరణించారు. తెలుగు నేలపై వారు గడిపింది అయిదేళ్లకు అటూఇటూ మాత్రమే. అందులో అధికభాగం భాష నేర్వడానికే చెల్లిపోయింది. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపురంలో అచ్చయ్యాయి. వారి తరువాత అదే ఊళ్లో పనిచేసిన ఎడ్వర్డ్ ప్రిచెట్ పూర్తిచేసిన కొత్త నిబంధన 1818లో మద్రాసులో వెలువడింది. అతడూ తెలుగును మొదటి అక్షరం నుంచే నేర్చుకోవలసివచ్చింది.