బెత్తమునకు హద్దు

1822వ సంవత్సరమున మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో తన పాలనలోని జిల్లాలన్నిటను దేశీయ పాఠశాలల స్థితిగతులను విచారించి తెలుపుడని కలెక్టరులను ఆదేశింపగా, మరుసటి యేడు ఆగస్టు మాసమున బళ్ళారి కలెక్టరు ఏ. డి. కాంప్‌బెల్ పంపిన నివేదిక, ఆనాటి వీధిబడి లోపలి జీవితమును కన్నులకు కట్టించు అరుదైన పత్రము. అనంతపురసీమ నాడు ఆ జిల్లాలోనిదే. వ్రాసినవాడు 1816లోనే తెలుగు వ్యాకరణమొకటి ప్రకటించిన భాషావేత్త; కావున బడిని బయటనుండి చూచి పోయిన పరదేశి మాటలుగా వానిని త్రోసివేయుటకు వీలులేదు. ఆ జిల్లాలో 533 బడులును, వానిలో 6,641 మంది విద్యార్థులును ఉన్నట్లు ఆతడు లెక్కించెను. అందు తెలుగు నేర్పు బడులు 226.

ఆ బడులలో ప్రాతఃకాలమున జరుగు ఒక ఆచారమును కాంప్‌బెల్ వర్ణించినాడు. అందరికంటె ముందు వచ్చిన బాలుని అరచేత గౌరవచిహ్నముగా సరస్వతీదేవి నామము వ్రాయుదురు. రెండవవానికి సున్న, వాడు మెప్పునకును నిందకును పాత్రుడు కాడని దాని భావము. మూడవవానికి ఒక చిన్న దెబ్బ, నాలుగవవానికి రెండు, ఆపైన వచ్చిన ప్రతివానికి ఒక్కొక్కటి అధికము. బడికి సగటున పండ్రెండుగురు పిల్లలని పై లెక్కలనుబట్టి తేలుచున్నది గనుక, కడపట వచ్చినవాడు పలక పట్టకముందే పది దెబ్బలు తినవలసియుండెను. ఆ కడపటివాడెవడు? సోమరియే కానక్కరలేదు. పసులను తోలి వచ్చినవాడో, దూరపు పల్లెనుండి నడచి వచ్చినవాడో, ఇంట చంటిబిడ్డను ఊచి వచ్చినవాడో కావచ్చును. వాని ఆలస్యమునకు కారణమడుగు అవకాశము ఆ లెక్కలో లేదు. ఆ బడులలోని దండనలన్నిటిలో నన్ను మిక్కిలి నొప్పించునది ఇదియే. ఏలయన తక్కిన శిక్షలు తప్పు చేసినవానికి, ఇది ఏ తప్పును చేయనివానికిని తప్పదు.

చదువని బాలుని బెత్తముతో కొట్టుటయే గాక, రెండుచేతులు కట్టి కప్పీమీదుగా ఇంటికప్పునకు వ్రేలాడదీయుటయు, విరామము లేకుండ మోకరించి లేచునట్లు చేయుటయు కలదని ఆ నివేదిక తెలుపుచున్నది. మనవారు కోదండమనియు, గుంజిళ్ళనియు పిలిచినవి ఇవియే. వీనికి తోడు గోడకుర్చీ, తొడపాశము, మొట్టికాయ, చెవి మెలిపెట్టుట మున్నగునవి నిన్నమొన్నటివరకు మన బడులలో నిలిచియే యుండెను.

అట్లని అయ్యవారిని క్రూరునిగా చిత్రించుట న్యాయము కాదు. పిల్లల తలిదండ్రులిచ్చు స్వల్పమైన నెలజీతమును, దసరాకు బాలురను వెంటబెట్టుకొని ఇల్లిల్లు తిరిగి తెచ్చుకొను కానుకలును ఆతని జీవనాధారము. వేరువేరు వయసుల పిల్లలు ఒక్క అరుగుపై ఒకేమారు ఎక్కములను, అమరమును వల్లించుచుండగా వారినందరిని అదుపునం దుంచుటకు ఆతనికి తెలిసిన సాధనము బెత్తమొక్కటియే.

పూర్వులు దండనను నిరాటంకముగా అంగీకరించిరను మాట నిజము కాదు. శిష్యుని కొట్టకయే శాసింపవలెననియు, అది సాధ్యపడనిచో సన్నని త్రాటితోనో వెదురుబద్దతోనో దండింపవచ్చుననియు, మరి దేనితోనైన కొట్టిన గురువును రాజు శిక్షింపవలెననియు గౌతమ ధర్మసూత్రము విధించెను. తెలుగు వైదికులలో పెక్కుమందికి ప్రమాణమైన ఆపస్తంబుడు చెప్పిన శిక్షలు బెదరింపు, ఉపవాసము, చన్నీటిస్నానము, ఎదుటికి రానీయకుండుట. వీనిలో దెబ్బ లేదు. మనుస్మృతి భార్యను, సేవకుని సైతము శిష్యునితో పాటు కొట్టవచ్చునన్నది గావున ఆ వాక్యమును నేడు శిరసావహింపవలసిన పనిలేదు. అయినను వీపుపై తప్ప తలపై కొట్టరాదనియు, కొట్టినవాడు దొంగతో సమానమగు దోషమును పొందుననియు అదియు హద్దు గీసెను. భాగవతమున బెత్తము తెండని గర్జించునది ప్రహ్లాదుని గురువు; కథ వినువారి సానుభూతి ఎవరి పక్షమో వేరుగ చెప్పనక్కరలేదు.

మన గడ్డమీదనే మరియొక మార్గమును కనబడెను. పెద్ద విద్యార్థులు చిన్నవారికి నేర్పు వీధిబడి పద్ధతియు, ఇసుకలో అక్షరములు దిద్దించు పద్ధతియు మద్రాసు అనాథ బాలుర శరణాలయమునకు అధికారిగా నుండిన ఆండ్రూ బెల్‌ను ఆకర్షింపగా, ఆతడు వానిని తన బడిలో ప్రవేశపెట్టి, 1797లో గ్రంథరూపమున ఇంగ్లండునకు తెలిపెను. బాలుర తప్పులను ఒక నల్లపుస్తకమున వ్రాయించి, తోడి బాలురనే జ్యూరీగా కూర్చుండబెట్టి తీర్పు చెప్పించుట ఆతని ఏర్పాటు. దానివలన బెత్తమునకు పని తగ్గెను. మన బడినుండి పాఠము చెప్పు తీరును ఇంగ్లండువారు గ్రహించిరి. ఈ విచారణ తీరును మాత్రము మనవారు గ్రహింపలేదు.

బిడ్డను అయ్యవారికి అప్పగించుచు, “వీని కన్నులు రెండు విడిచి తక్కినదంతయు మీ యిష్టము” అని తండ్రి పలుకుట తెలుగునాట పరిపాటి. ఆ మాట వట్టి మర్యాదవాక్యము కాదు. 1860 నాటి శిక్షాస్మృతి 89వ సెక్షను, పండ్రెండేండ్ల లోపు బిడ్డ మేలుకొరకు సంరక్షకుని సమ్మతితో సద్బుద్ధితో చేసిన పని నేరము కాదనుటచే, అట్టి సమ్మతియే చిరకాలము బెత్తమునకు కవచమయ్యెను. 1992లో భారతదేశము బాలల హక్కుల ఒడంబడికలో చేరిన పిదపనే ఈ కవచము సడలసాగెను. 2000 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు అచ్చటి బడులలో దేహదండనకు వీలిచ్చు నియమములను కొట్టివేసెను. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2002 ఫిబ్రవరిలో విద్యానియమావళిలోని 122వ నియమమును మార్చి దేహదండనను నిషేధించెను. 2010 ఏప్రిల్ 1న అమలునకు వచ్చిన విద్యాహక్కు చట్టము 17వ సెక్షనులో దెబ్బతో పాటు మానసిక వేధింపును సైతము నిషేధించెను. అందు తండ్రి సమ్మతికి చోటు లేదు. గౌతముడు అనుమతించిన వెదురుబద్దకును లేదు.

అదే చట్టము ప్రభుత్వ పాఠశాలల యాజమాన్య సంఘములలో నాలుగింట మూడువంతులకు తక్కువ కాకుండ తలిదండ్రులుండవలెనని విధించినది. ఆ సంఘములలో సభ్యులైన తల్లులారా, తండ్రులారా! తరువాతి సమావేశమున గోడలకు సున్నమును గూర్చి, మధ్యాహ్న భోజనమును గూర్చి విచారించునపుడే, ఆలస్యముగ వచ్చిన పిల్లవానిని ఈ బడిలో ఏమి చేయుచున్నారో అడుగుడు. దెబ్బ పడిన బిడ్డ మాట ఎవరును వినని పక్షమున 1098 అను బాలల సహాయవాణి సంఖ్య కలదని ప్రతి తరగతిగదిలో పిల్లలకు కనబడునట్లు వ్రాయింపుడు.