గౌతమి గట్టున ఎర్ర గుర్తు

2022 మే 24. జిల్లా పేరు మార్పు మీద అమలాపురంలో రేగిన గొడవ సాయంత్రానికి మంటల దాకా వెళ్లింది. ఆ వెంటే నెట్ ఆగిపోయింది. ఇంటి నుంచి పనిచేసుకునే మాబోటి సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లకి చేతులు కట్టేసినట్టయింది. ఫోన్‌లో మాటలు మాత్రం వినిపిస్తున్నాయి.

నా చేతిలో ఉన్నది చిన్న పనే. బిల్లు మొత్తాన్ని దగ్గరి రూపాయికి సరిచేసే లెక్క. పైథాన్‌లో రౌండ్ అంటే 3.50ని 4 చేస్తుంది, 2.50ని మాత్రం 2 చేస్తుంది. సగం దగ్గర సరిసంఖ్య వైపు మొగ్గడం దాని అలవాటు. కొట్టువాడు ఊరుకుంటాడా? దిద్దాను. కానీ దిద్దింది సరో కాదో తేల్చే యూనిట్ టెస్టులు నడిచేది క్లౌడ్‌లోని సర్వర్‌లో. కోడ్ పంపితే అది కొత్త కంటైనర్ తెరిచి, లైబ్రరీలు దించుకుని, పచ్చ గుర్తో ఎర్ర గుర్తో చూపిస్తుంది. ఆ తతంగం రాసిన ఫైలే రెండొందల లైన్లు. టెస్టుల్ని సొంత మెషీన్‌లో నడిపిన పాపాన మాలో ఎవరూ పోలేదు.

హైదరాబాద్‌లోని లీడ్ గారికి ఫోన్ చేశాను.

"నెట్ ఆగితే టెస్టులెందుకు ఆగాలి? మేక్‌ఫైల్ రాయి. రెండు లైన్లు."

"ఆయ్, అంతేనంటారా అండీ?"

అంతే. 'మేక్ టెస్ట్' అంటే ఏ కమాండ్ నడపాలో చెప్పే రెండు లైన్లు. అయినా మొదటిసారి 'మిస్సింగ్ సెపరేటర్' అని మేక్ కసిరింది. రెండో లైను మొదట్లో టాబ్ కొట్టాల్సింది, స్పేసులు కొట్టాను.

ఆ టాబ్‌కో కథ ఉంది. 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టీవ్ జాన్సన్ తిట్టుకుంటూ స్టువర్ట్ ఫెల్డ్‌మన్ గదిలోకొచ్చాడు. దిద్దిన ఫైలు మళ్లీ కంపైల్ కాలేదని తెలియక, పొద్దుటంతా తప్పులేని ప్రోగ్రాంలో తప్పు వెతికాడట. ముందు రోజు సాయంత్రం ఫెల్డ్‌మన్ పడ్డదీ అదే తంటా. ఏ ఫైలు దేని మీద ఆధారపడిందో పసిగట్టే పెద్ద యంత్రాంగమే కడదామనుకున్నాడు. కుదించి కుదించి, ఆ శని ఆదివారాల్లోనే 'మేక్'గా తేల్చాడు. టాబ్ నియమం సులువుగా ఉంటుందని పెట్టింది. మార్చేలోగా వాడేవాళ్లు డజను మంది అయ్యారు, వాళ్లని ఇబ్బంది పెట్టడమెందుకని వదిలేశాడు. ఆయన మొహమాటం నలభయ్యారేళ్లకి నా నెత్తినపడింది.

టాబ్ కొట్టి మళ్లీ నడిపాను. నలభై నాలుగు టెస్టుల్లో మూడు పోయాయి. రూపాయి లెక్క నెగ్గింది. పోయిన మూడూ గుట్టుగా నెట్‌కెళ్లి డాలరు రేటు తెచ్చుకునేవి! సర్వర్‌కి నెట్ ఎప్పుడూ ఉంటుంది గనక ఇన్నాళ్లూ పచ్చగా చెలామణీ అయ్యాయి. ఒక ఫైల్లో కదలని రేటు రాసి, దాన్నే చదవమన్నాను. ఆ రాత్రి సర్వర్లన్నీ ఉత్త హంగామా అనిపించింది.

మర్నాడు బండేసుకుని ఎదుర్లంక వైపు గౌతమి గట్టుకి పోయాను. నెట్ ఆగని అవతలి ఒడ్డు సిగ్నల్ కోసం అప్పటికే కొందరు ల్యాప్‌టాప్‌లు తెరిచి కూర్చున్నారు. కోడ్ పంపాను.

ఎర్ర గుర్తు.

రేటు రాసిన ఫైలు నా మెషీన్‌లో ఉంది, రిపోజిటరీలో చేర్చలేదు. నా మేక్‌ఫైల్‌కి ఆ సంగతి తెలిసే దారే లేదు. ప్రతిసారీ ఖాళీ గదిలో మొదలుపెట్టే సర్వర్ ఇట్టే పట్టేసింది.

ఫైలు చేర్చాను. సర్వర్ తతంగంలో టెస్టులు నడిపే లైన్లన్నీ కొట్టేసి, 'మేక్ టెస్ట్' అని ఒక్క లైను పెట్టి, సిగ్నల్ పోయేలోగా మళ్లీ పంపాను.