ఊడిన పన్ను స్థానంలో ఏ పన్ను? కట్టుడు పళ్లు, బ్రిడ్జి, ఇంప్లాంట్: కుటుంబాలు తెలుసుకోవలసిన విషయాలు

వర్ణమాల బోధించేటప్పుడు త, థ, ద, ధ, న, ల, స అనే అక్షరాలను దంత్యాలని పిల్లలకు చెబుతాము. ఆ ధ్వనులు పలకడానికి నాలుకకు దంతాల ఆసరా కావాలి గనుక వాటికి ఆ పేరు వచ్చింది. ముందు పళ్లు పోయిన పెద్దల మాటలో తడబడేవి వీటిలోనివే. దవడపళ్లు పోయినవారికి వేరుశనగలు, జొన్నరొట్టె, కూరలోని గట్టి ముక్కలు ఒక్కొక్కటిగా దూరమవుతాయి. క్రమంగా నలుగురిలో కూర్చుని భోజనం చేయడానికే వారు సంకోచిస్తారు. వయసు మీద పడింది, ఇక ఇంతే అని సరిపెట్టుకునే ఇళ్లు మన సరిహద్దు పల్లెలలో అనేకం. కాని ఊడిన పళ్లకు ప్రత్యామ్నాయాలు ఉన్నాయి. ఏది ఎవరికి తగునో తెలుసుకోవడం అవసరం.

ఖాళీని వదిలివేస్తే ఏమవుతుంది?

ఒక పన్ను పోయినప్పుడు నష్టం ఆ పన్నుతో ఆగదు. పక్కనున్న పళ్లు నెమ్మదిగా ఖాళీవైపు ఒరుగుతాయి. ఎదురు దవడలోని పన్ను ఆనిక లేక కిందికో పైకో జరుగుతుంది. సందులలో ఆహారం చిక్కి పుచ్చు, చిగుళ్ల వ్యాధి బయలుదేరుతాయి. పన్ను లేని చోట దవడ ఎముక కరుగుతూ వస్తుంది. ఈ కరుగుదల మొదటి సంవత్సరంలోనే ఎక్కువ. అయితే ప్రతి ఖాళీనీ పూరించనక్కరలేదు. జ్ఞానదంతం తీసివేస్తే దాని స్థానంలో మరొకటి పెట్టించుకోవలసిన పని సాధారణంగా ఉండదు.

మొదటి మార్గం: తీసి పెట్టుకునే పళ్లు

మన పెద్దలు కట్టుడు పళ్లు అనీ, పట్టణంలో సెట్టు అనీ పిలిచేవి ఇవే. కొన్ని పళ్లు మాత్రమే పోతే పాక్షిక సెట్టు, అన్నీ పోతే పూర్తి సెట్టు తయారు చేస్తారు. ఇవి సాధారణంగా అక్రిలిక్ అనే గట్టి ప్లాస్టిక్ పదార్థంతో ఉంటాయి. పాక్షిక సెట్టును కోబాల్ట్, క్రోమియం కలిసిన లోహపు చట్రంతోనూ చేస్తారు. అది పలుచగా, దృఢంగా ఉంటుంది.

మూడు మార్గాలలో ఇది ఖర్చు తక్కువైనది. శస్త్రచికిత్స లేదు. పక్క పళ్లను అరగదీయడం దాదాపు ఉండదు. పళ్లు తీయించిన తరువాత పుండు మాని చిగురు కుదుటపడడానికి సాధారణంగా రెండు మూడు నెలలు ఆగి అచ్చు తీస్తారు. పూర్తి సెట్టుకు నాలుగైదు సార్లు వెళ్లవలసి ఉంటుంది గనుక బస్సు ఖర్చును, పోయే కూలిని కూడా లెక్కలో వేసుకోవాలి.

పై సెట్టు అంగిలిని అంటిపెట్టుకుని నిలుస్తుంది. కింది సెట్టుకు ఆనే చోటు తక్కువ, నాలుక కదలిక ఎక్కువ. అందువలన అది కొంత కదలడం సహజం. ఎముక కరిగినకొద్దీ సెట్టు వదులవుతుంది. అప్పుడు లోపలి వైపు కొత్త పూత వేయించాలి, లేదా మార్పించాలి.

రెండవ మార్గం: బ్రిడ్జి

ఖాళీకి అటూ ఇటూ ఉన్న పళ్లను అరగదీసి, వాటికి క్యాపులు తొడిగి, ఆ క్యాపుల మధ్య కృత్రిమ దంతాన్ని వంతెనలా నిలపడమే బ్రిడ్జి. దీనిని సిమెంటుతో అతికిస్తారు గనుక రోజూ తీయనక్కరలేదు. లోహంపై పింగాణీ పూసినవి, జిర్కోనియాతో చేసినవి వాడుకలో ఉన్నాయి. రెండు మూడు సార్లు వెళితే పని పూర్తవుతుంది. చక్కగా శుభ్రం చేసుకుంటే పదేళ్లు, అంతకుమించి కూడా నిలుస్తుంది.

ఇందులోని లోపం ఒక్కటే, కాని అది పెద్దది. ఆరోగ్యంగా ఉన్న పన్నును అరగదీస్తే ఆ భాగం తిరిగి రాదు. పక్క పళ్లకు ఇదివరకే క్యాపు అవసరమైతే బ్రిడ్జి తగినది. అవి నిండు ఆరోగ్యంతో ఉంటే ఒకసారి ఆలోచించాలి. చిగుళ్ల వ్యాధితో కదిలే పళ్లు బ్రిడ్జి భారాన్ని మోయలేవు.

మూడవ మార్గం: ఇంప్లాంట్

దవడ ఎముకలో టైటానియం మరను అమర్చి, దానిపై పన్నును నిలపడం ఇంప్లాంట్ పద్ధతి. టైటానియం ఎముకతో ఏకమవుతుందని స్వీడన్ శాస్త్రవేత్త బ్రెనెమార్క్ గుర్తించి, 1965లో మొదటిసారి ఒక రోగికి అమర్చారు. పక్క పళ్లను ముట్టనక్కరలేకపోవడం దీని గొప్ప సుగుణం. ఎముకతో కలవడానికి సాధారణంగా మూడు నుండి ఆరు నెలలు పడుతుంది. ఖర్చు అన్నింటికంటే ఎక్కువ.

అదుపులో లేని మధుమేహం ఉన్నవారికి, బీడీ, సిగరెట్ మానలేనివారికి ఇది విఫలమయ్యే అవకాశం ఎక్కువ. ఎముక బలానికి ప్రత్యేక ఇంజెక్షన్లు తీసుకునేవారు, దవడకు రేడియేషన్ చికిత్స పొందినవారు ఆ సంగతి ముందే చెప్పాలి. ఎదిగే వయసు పిల్లలకు ఇంప్లాంట్ పెట్టరు. కింది సెట్టు నిలవక బాధపడే వృద్ధులకు రెండే ఇంప్లాంట్లు అమర్చి, వాటిపై సెట్టును బిగించే పద్ధతి కూడా ఉంది.

సంతలో కట్టే పళ్లతో జాగ్రత్త

మా మేనత్తకు ముందు పన్ను ఒకటి పోయింది. సంతకు పెట్టె తెచ్చుకున్న ఒకాయన గంటలో కొత్త పన్ను కట్టి పంపాడు. పక్క పళ్లకు తీగ చుట్టి, చిగురు మీదికి వచ్చేలా ముద్ద పూసి గట్టిపరచాడు. అది తీయడానికి వీలు లేదు, శుభ్రం చేయడానికి వీలు లేదు. లోపల ఆహారం కుళ్లి, చిగురు వాచి, చీము పట్టింది. రెండేళ్లలో పక్క పళ్లు రెండూ కదిలిపోయాయి. ఒక పన్ను కోసం వెళ్లిన మనిషి మూడు పళ్ల సెట్టుతో మిగిలింది. చౌక అని నేనే వెంట తీసుకువెళ్లాను. ఆ బాధ నాకు నేటికీ ఉంది.

చట్టం ప్రకారం నమోదైన దంతవైద్యులే ఈ వైద్యం చేయాలి. నమోదు సంఖ్య అడగడం అమర్యాద కాదు.

ఎక్కడికి వెళ్లాలి?

బెంగళూరు, బళ్లారి, చెన్నై, కటక్, నాగపూర్, హైదరాబాదు, విజయవాడ, కడప నగరాలలో ప్రభుత్వ దంతవైద్య కళాశాలలు ఉన్నాయి. అక్కడ అధ్యాపకుల పర్యవేక్షణలో విద్యార్థులు చికిత్స చేస్తారు. రుసుము తక్కువ, తిరుగుడు కొంత ఎక్కువ. కర్ణాటక ప్రభుత్వం పేద వృద్ధులకు ఉచితంగా పళ్ల సెట్లు ఇచ్చేందుకు 2014-15లో దంతభాగ్య పథకాన్ని ప్రారంభించింది. ఇటువంటి పథకాలు ఏ రాష్ట్రపు రేషన్ కార్డు ఉంటే ఆ రాష్ట్రంలోనే వర్తిస్తాయి. కావున గట్టు అవతలి ఆసుపత్రి దగ్గరైనా, ముందు మీ జిల్లా ఆసుపత్రి దంత విభాగంలో విచారించండి.

భాష విషయంలో బెదరనక్కరలేదు. కన్నడంలో పన్నును హల్లు అంటారు, తమిళంలో పల్ అంటారు. సెట్టు, బ్రిడ్జి, ఇంప్లాంట్ అనే మాటలు అన్నిచోట్లా ఒక్కటే. వైద్యునితో మాట్లాడే వేళ ఈ ప్రశ్నలు మరువకండి:

1. పెట్టే పన్ను తీయగలిగేదా, తీయలేనిదా?
2. పక్క పళ్లను అరగదీస్తారా?
3. ఎన్నిసార్లు రావాలి? మొత్తం ఖర్చు కాగితంపై రాసి ఇస్తారా?
4. విరిగినా వదులైనా సరిచేసేది ఎవరు?

వాడే మందుల చీటీలు, షుగరు పరీక్ష కాగితం వెంట ఉండాలి. రక్తం పలుచబడే మాత్రలు వాడేవారు వాటిని సొంతంగా ఆపరాదు.

పెట్టుకున్న తరువాత

కొత్త సెట్టుతో మొదటి కొన్ని రోజులు మెత్తని సంకటి, పప్పన్నం వంటివి చిన్న ముద్దలుగా, రెండు వైపులా నమలాలి. చిగురు ఒరుసుకుంటే ఇంట్లో ఆకురాయి పట్టక వైద్యునికే చూపాలి. రాత్రి తీసి మామూలు నీటిలో ఉంచాలి. వేడినీరు పోస్తే వంకర పోతుంది. కడిగేటప్పుడు కింద నీళ్ల గిన్నె పెట్టుకుంటే జారినా పగలదు. బ్రిడ్జి కింద, ఇంప్లాంట్ చుట్టూ సన్నని బ్రష్‌తో రోజూ శుభ్రం చేయాలి.

మాట తిరగడానికి నేను పెద్దలకు చెప్పేది ఒక్కటే. మనవడి వాచకం తీసుకుని రోజూ పావుగంట బిగ్గరగా చదవండి. కొద్ది వారాలలో దంత్యాలు మళ్లీ పలుకుతాయి. ఏ మార్గం ఎంచుకున్నా, మిగిలిన పళ్లను కాపాడేదే మంచి మార్గమని గుర్తుంచుకోండి.