జావాలో తొలి తప్పుకు పాత మూలాలు

సన్ మైక్రోసిస్టమ్స్‌లో జేమ్స్ గోస్లింగ్ బృందం 1991లో ప్రారంభించిన కృషి 1996 జనవరిలో జావా ప్రోగ్రామింగ్ భాష తొలి వెర్షన్‌గా విడుదలైనప్పుడే, అక్షరాల వరుస అయిన స్ట్రింగ్‌ను ఒకసారి సృష్టించాక మార్చడానికి వీల్లేని ఆబ్జెక్ట్‌గా, అంటే మెమరీలో తనకంటూ చోటున్న వస్తువుగా, స్థిరపరిచారు. మారదు గనుక దానిని ఎందరైనా పంచుకోవచ్చు. అందుకే కోడ్‌లో నేరుగా రాసిన ఒకేలాంటి స్ట్రింగులన్నిటికీ ఒక్క ప్రతినే ఉంచే స్ట్రింగ్ పూల్ అనే ఉమ్మడి నిల్వ సాధ్యమైంది.

స్ట్రింగులను జంట సమాన గుర్తుతో పోల్చడమనే కొత్తవారి తొలి తప్పును చాలాకాలం కప్పిపుచ్చేది ఈ పొదుపే. జంట సమాన గుర్తు (==) రెండు పేర్లూ ఒకే ఆబ్జెక్ట్‌ను చూపుతున్నాయా అన్నది మాత్రమే పరిశీలిస్తుంది; అక్షరాలను పోల్చే పని ఈక్వల్స్ అనే మెథడ్‌ది. కోడ్‌లో రెండుచోట్ల రాసిన ఒకే మాటను జంట గుర్తుతో పోల్చితే పూల్ పుణ్యమా అని జవాబు సరిగ్గానే వస్తుంది, కానీ అదే మాటను కీబోర్డు నుంచి చదివినప్పుడు కొత్త ఆబ్జెక్ట్ పుడుతుంది గనుక పోలిక విఫలమవుతుంది. తెరపై ముద్రించి చూసినా రెండూ ఒకేలా ఉంటాయి. ప్రోగ్రాంను మధ్యలో ఆపి చూపే డీబగ్గర్‌లో అవి వేర్వేరని బయటపడుతుంది. సీ ప్లస్ ప్లస్‌లో గుర్తులకు ఇష్టమొచ్చిన అర్థాలు ఇవ్వడం దుర్వినియోగమైందని భావించిన గోస్లింగ్ ఆ వసతిని జావాలోకి రానివ్వలేదు. అయితే కూడిక గుర్తుతో స్ట్రింగులను అతికించేందుకు మినహాయింపు ఇచ్చి, జంట సమాన గుర్తుకు ఇవ్వకపోవడం అంత నిలకడైన నిర్ణయమేమీ కాదు.

విలువలను వరుసగా ఉంచే లిస్టులతో వచ్చే తప్పు కథ వేరు. జాషువా బ్లాక్ సారథ్యంలో రూపొంది 1998 డిసెంబరులో జావా 1.2తో వచ్చిన కలెక్షన్స్ ఫ్రేమ్‌వర్క్, లిస్ట్‌కు రిమూవ్ అనే ఒకే పేరుతో రెండు మెథడ్‌లను ఇచ్చింది: ఒకటి స్థానసంఖ్యను బట్టి, మరొకటి విలువను బట్టి తొలగిస్తుంది. సాధారణ సంఖ్యలు లిస్ట్‌లో నేరుగా చేరలేని ఆ రోజుల్లో ఇది ఎవరినీ ఇబ్బంది పెట్టలేదు. 2004లో జావా 5, సంఖ్యను తనంత తానే ఆబ్జెక్ట్‌గా చుట్టే ఆటోబాక్సింగ్‌ను తెచ్చాక చిక్కు మొదలైంది. 10, 20, 30 ఉన్న లిస్ట్ నుంచి 20ని తీసివేయమంటే, పాత కోడ్ అర్థం చెడకుండా చుట్టడం అవసరంలేని మెథడ్‌నే ముందుగా వెతికే కంపైలర్ (కోడ్‌ను అనువదించే ప్రోగ్రాం) దానిని స్థానసంఖ్యగా తీసుకుంటుంది. సున్నా నుంచి లెక్కించే లిస్ట్‌లో అలాంటి స్థానమే లేదు గనుక ప్రోగ్రాం నడుస్తుండగా ఆగిపోతుంది. జావా 5 తెచ్చిన మార్పులు లిస్ట్‌ను దెబ్బతీశాయని బ్లాక్ స్వయంగా 2008 నాటి తన పుస్తకంలో ఒప్పుకున్నారు, కానీ అప్పటికే లెక్కలేనన్ని ప్రోగ్రాంలు ఆ రెండు మెథడ్‌ల మీద ఆధారపడి ఉన్నందున వాటి పేర్లు మార్చే వీలు లేకపోయింది.