బడి మీద పడిన గుట్ట
బొగ్గు తవ్వితే మట్టి గుట్టలవుతుంది. గుట్టను ఎలా పోశారన్నదీ చరిత్రే. బ్రిటన్‌లోని వేల్స్‌లో అబెర్‌ఫాన్ అనే గని ఊరుంది. అక్కడ 1958 నుంచి ఏడో గుట్టను కొండవాలులో, ఊట మీదే పోశారు. పొరలుగా పరిచి అణచలేదు, నీటికి దారి తీయలేదు, వదులుగా గుమ్మరించారు. బడి వెనక ప్రమాదముందని 1963లోనే పురపాలక ఇంజినీరు ఉత్తరం రాశాడు. 1966 అక్టోబరు 21 ఉదయం, పిల్లలు తరగతుల్లో ఉండగా, నీరు పట్టిన గుట్ట జారింది. 144 మంది చనిపోయారు. అందులో 116 మంది పిల్లలే. మిగిలిన గుట్టలు తీసేందుకు బాధితుల చందాల్లోంచే 1,50,000 పౌండ్లు లాక్కున్నారు. బడిపంతుళ్లం, ఇది మాకు మింగుడుపడదు.

మన ఓపెన్‌కాస్టు గుట్టల కింద ఏ వాగు పారేదో, ఏ ఊట ఉండేదో గూడెం పెద్దలకు తెలుసు. వాళ్లను అడిగి పిల్లల చేత రాయిస్తున్నాం.